ఎముక అతికిన తరువాత

ఆగ్నెస్ హంట్ (1866–1948) పేరు మన పాఠకులలో ఎముకల వైద్యులకు తప్ప ఇతరులకు అంతగా పరిచితం కాదు. ఫ్లారెన్స్ నైటింగేల్‌ను గురించి బడిపుస్తకాలలో చదువుకున్న మనకు, తరువాతి తరంలో వికలాంగ శిశువుల సేవకు జీవితాన్ని ధారపోసిన ఈ ఆంగ్ల నర్సును గురించి ఎవరూ చెప్పలేదు. ఆమె ఆత్మకథ ‘దిస్ ఈజ్ మై లైఫ్’ 1938లో వెలువడింది. ఆ పుస్తకాన్ని, దాని వెనుకనున్న వైద్య చరిత్రను కలిపి చదివితే ఒక ప్రశ్న మనల్ని వదలదు. శస్త్రచికిత్స జయప్రదమై, ఎముక చక్కగా అతికిన తరువాత కూడా కొందరు పిల్లలు పూర్తిగా ఎందుకు కోలుకోరు?

పసివారి ఎముకకు ప్రకృతి గొప్ప వరమిచ్చింది. పెద్దలకు నెలలు పట్టే అతుకు పిల్లలకు వారాలలో పడుతుంది. మోచేతి పైభాగాన విరిగిన ఎముకను తీగలతో కుదిర్చితే, మూడు నాలుగు వారాలకే వాటిని తీసివేయవచ్చు. కొంత వంకర మిగిలినా పెరుగుదలలో సర్దుకుంటుంది. ఈ విషయంలో ఎముకకు ధనిక, పేద భేదం లేదు. భేదమంతా ఆ ఎముకను మోసుకొని బిడ్డ తిరిగి వెళ్ళే ఇంటిలో ఉన్నది.

ఈ సంగతి మొదట కొట్టవచ్చినట్లు కనిపించింది పందొమ్మిదవ శతాబ్దపు పారిశ్రామిక నగరాలలో. గ్లాస్గోలో విలియం మెక్యూయెన్ రికెట్స్ వ్యాధితో కాళ్ళు వంకరపోయిన పిల్లల ఎముకలను కోసి, సరిచేసి, తిరిగి అతికించే పద్ధతిని తీర్చిదిద్ది 1880లో గ్రంథంగా ప్రకటించాడు. అది క్రిమిరహిత శస్త్రచికిత్స సాధించిన గొప్ప విజయాలలో ఒకటి. అయితే కాళ్ళు చక్కబడిన బిడ్డ తిరిగి చేరేది ఎండపొడ సోకని ఆ ఇరుకు గదికే, ఆ చాలీచాలని తిండికే. ఎండ, కాడ్ లివర్ నూనె ఆ వ్యాధిని నయం చేయగలవని శాస్త్రం నిరూపించడానికి మొదటి ప్రపంచ యుద్ధానంతర కాలం దాకా ఆగవలసి వచ్చింది. అంతవరకు శస్త్రవైద్యుడు సరిచేస్తూనే ఉన్నాడు, నగరం వంచుతూనే ఉన్నది.

అదే కాలంలో లివర్‌పూల్ రేవు కూలీల నడుమ హ్యూ ఓవెన్ థామస్ వైద్యం చేసేవాడు. ఆయన తండ్రి ఇవాన్ థామస్ పట్టా లేని కట్టు వైద్యుడు. వేల్స్ నుంచి తరతరాలుగా వచ్చిన విద్య అది. మన పుత్తూరు కట్టు ఎరిగిన వారికి ఆ తండ్రిని ఊహించుకోవడం కష్టం కాదు. పట్టాలున్న వైద్యులు ఆయనను పలుమార్లు న్యాయస్థానానికి ఈడ్చారు. విసిగిన ఆయన తన ఐదుగురు కొడుకులనూ వైద్యకళాశాలలకు పంపాడు. వారిలో హ్యూ ఓవెన్ ఇంటివద్దనే కమ్మరిని, జీను కుట్టేవాడిని పెట్టుకొని బద్దలు తయారు చేయించాడు. ఆదివారాలు పేదలకు ఉచితంగా చూసేవాడు. దెబ్బతిన్న అవయవానికి దీర్ఘమైన, ఎడతెగని విశ్రాంతి కావాలన్నది ఆయన సిద్ధాంతం. రెక్కాడితే గాని డొక్కాడని వారికి ఆ విశ్రాంతే అన్నిటికన్న ఖరీదైన మందు. అందుకే రోగి మంచానికి అంటుకుపోకుండా, బద్దతోనే లేచి తిరుగుతూ నయం కాగల ఉపాయాలను ఆయన వెదికాడు.

ఆ మామ ఇంట ఉండి, ఆ విద్యను అందిపుచ్చుకున్నవాడు రాబర్ట్ జోన్స్. 1903లో ఆయన వద్దకు రోగిగా వచ్చిన స్త్రీయే ఆగ్నెస్ హంట్. ఆమె ష్రాప్‌షైర్‌కు చెందిన భూస్వాముల బిడ్డ. బాల్యంలో సోకిన చీము వ్యాధి తుంటి కీలును తినివేయగా జీవితాంతం కుంటుతూనే నడిచింది. నర్సు శిక్షణ పొంది, 1900లో బాస్‌చర్చ్ గ్రామంలో పిల్లల కోసం ఒక విశ్రాంతి గృహం తెరిచింది. ఆ ఇంటి మెట్ల మీదుగా పిల్లలను ఎక్కించి దించడం కష్టమై, తోటలో ముందువైపు తెరిచి ఉన్న కొయ్య పాకలు వేయించింది. అవసరం నేర్పిన ఆ ఏర్పాటే తరువాత ఆరుబయలు ఆసుపత్రిగా పేరుగాంచింది. జోన్స్‌ను కలిశాక ఆమె తన పిల్లలను రైలెక్కించి లివర్‌పూల్ తీసుకువెళ్ళేది. కొన్నాళ్ళకు ఆయనే బాస్‌చర్చ్ వచ్చి శస్త్రచికిత్సలు చేయసాగాడు.

అక్కడ చేరిన వారిలో అధికులు ఎముకల క్షయతోను, రికెట్స్‌తోను బాధపడేవారు. నెలల తరబడి గాలి, వెలుతురు, తిండి, విశ్రాంతి దొరికి కోలుకున్నవారు ఇంటికి వెళ్ళాక మళ్ళీ చెడిపోయి తిరిగి వచ్చేవారు. బద్ద విరిగితే బాగుచేయించే దారి లేదు. బూటు బిగుతైతే మార్చే స్తోమత లేదు. ఎప్పుడు తిరిగి రావాలో తెలిసినా రైలు ఛార్జీ లేదు. నాటి పెద్దలకు ఇందులో తల్లుల అజ్ఞానం కనిపించడం సులభం. ఆగ్నెస్ హంట్ దూరాన్ని చూసింది. పిల్లలు ఆసుపత్రికి రాలేకపోతే ఆసుపత్రే పిల్లల వద్దకు వెళ్ళాలని 1907 నుంచి చుట్టుపక్కల ఊళ్ళలో అనంతర సంరక్షణ కేంద్రాలను నెలకొల్పింది. తమ వద్దనే శిక్షణ పొందిన నర్సులు అక్కడ బద్దలు, కట్లు చూసేవారు. శస్త్రవైద్యులు కొన్నాళ్ళకొకసారి వచ్చి పరీక్షించేవారు. 1919లో జోన్స్, గర్డిల్‌స్టోన్ ప్రతిపాదించిన జాతీయ పథకం ఈ నమూనాను ఆధారం చేసుకున్నదే. జోన్స్ పేరు చెప్పగానే అందరికీ యుద్ధరంగంలో తొడ ఎముకలను కాపాడిన థామస్ బద్ద గుర్తుకు వస్తుంది. ఊరూరా తెరిచిన ఈ చిన్న గదులు అంతకు తక్కువ ఆవిష్కరణ కావని నా అభిప్రాయం.

ఈ చరిత్రను అర్చనగా మార్చనక్కరలేదు. ఆనాటి దానధర్మాల వ్యవస్థ పేదబిడ్డను ఆదుకుంటూనే అతడిని తల్లిదండ్రుల నుంచి నెలలు, సంవత్సరాలు ఎడబాపింది. ఆసుపత్రులు తల్లిని వారానికొకసారి చూడనిస్తే గొప్ప. ఈ క్రౌర్యాన్ని ప్రశ్నించిన 1959 నాటి ప్రభుత్వ నివేదికకు అధ్యక్షుడు హ్యారీ ప్లాట్. ఆయన కూడా ఎముకల వైద్యుడే. అంతేకాదు, బాల్యంలో మోకాలి క్షయతో రాబర్ట్ జోన్స్ వద్ద చికిత్స పొందినవాడు. తల్లిని వార్డులోకి రానివ్వాలని, బిడ్డ వద్దనే ఉండనివ్వాలని ఆ నివేదిక కోరింది. తలుపు తెరుచుకున్నది. అయితే తెరిచిన తలుపు గుండా లోనికి రావడానికి తల్లికి జీతం నష్టం కాని సెలవు ఉండాలి, ఇంటివద్ద మిగిలిన పిల్లలను చూసేవారుండాలి.

1948లో బ్రిటన్‌లో వైద్యం ఉచితమైంది. ఆ తరువాత మూడు దశాబ్దాలకు, 1980లో వెలువడిన బ్లాక్ నివేదిక, వర్గభేదం చావుబతుకులను ఇంకా శాసిస్తూనే ఉన్నదని చూపింది. వాహనాల కింద పడి మరణించే ప్రమాదం ఉన్నత వృత్తులవారి కొడుకుల కన్న నైపుణ్యం లేని కూలీల కొడుకులకు ఏడు రెట్లకు పైగా ఉన్నదని తేల్చింది. ఆడుకోవడానికి పెరడు లేని బిడ్డకు వీధే ఆటస్థలం. విరగడంలోనే సమానత్వం లేనప్పుడు కోలుకోవడంలో ఎక్కడిది?

ఈనాడు కోలుకోవడాన్ని కొలిచే సాధనాలు మెరుగుపడ్డాయి. ఎక్స్‌రే ఒక్కటే చాలదని గుర్తించి, నొప్పి ఎంత అడ్డుపడుతున్నది, నడక ఎలా ఉన్నది, తోటి పిల్లలతో ఆడుతున్నాడా అని బిడ్డనే అడిగే ప్రామిస్ వంటి ప్రశ్నావళులు వచ్చాయి. ఇంటి చిరునామాను బట్టి ఆ ప్రాంతపు లేమిని అంకెలలో చెప్పే సూచికలున్నాయి. ఇవి రెండూ కలిపి చదవడం మంచిదే. కాని సూచిక పేటను కొలుస్తుంది, కుటుంబాన్ని కాదు. సంపన్నుల వీధిలో వంటపని చేస్తూ వెనుకగదిలో ఉండే తల్లి దానికి కనిపించదు. అన్నిటికీ మించి, రోగి చరిత్రలో ‘సూచనలు పాటించలేదు’ అని రాసే అలవాటు మాకు ఇంకా పోలేదు. ఆ రెండు మాటల వెనుక రెండు బస్సులు, ఒక రోజు కూలి, చంకకర్రలతో ఎక్కవలసిన నాలుగంతస్తుల మెట్లు ఉండవచ్చు.

మన వైపు పేదలు కట్టు వైద్యుని వెదకడాన్ని మూఢత్వమని తోసిపుచ్చడం సులభం. నాటుకట్టు బిగిసి రక్తప్రసరణ ఆగితే చేయి శాశ్వతంగా చెడుతుంది, ఆ ప్రమాదాన్ని తక్కువ చేయలేము. కాని ఒక్కపూటలో కట్టించుకొని ఇంటికి పోగలగడం కూలివాడికి చిన్న విషయం కాదు. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ శస్త్రచికిత్స ఖర్చును తీర్చింది. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రవేశపెట్టిన ఆరోగ్య ఆసరా, కోలుకునే కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు గరిష్ఠంగా 5,000 రూపాయల భృతి ప్రకటించింది. విశ్రాంతికి కూడా వెల ఉన్నదని ఒక ప్రభుత్వం అంకెలలో ఒప్పుకోవడం గమనించదగినది. ఇక బిడ్డ మంచాన పడినప్పుడు పనికి పోలేని తల్లి కూలిని లెక్కలోకి తీసుకునేదెవరు?

ఆగ్నెస్ హంట్ ఆత్మకథను వైద్య విద్యార్థులు చదవాలి. అందులో శస్త్రచికిత్స నైపుణ్యం దొరకదు. ఆసుపత్రి గేటు దాటిన బిడ్డ వెంట ఇంటిదాకా నడిచిన ఒక కుంటి స్త్రీ దొరుకుతుంది.