రుచులకు కూడా పుట్టిన తేదీలు ఉంటాయి

"ఐస్ టీ అమెరికా వాళ్ళ మోజు, మసాలా చాయ్ మన సనాతన సంప్రదాయం." వేసవి వచ్చిందంటే ఈ మాట నాకు పదిమంది దగ్గరైనా వినిపిస్తుంది. నేను చల్లని టీ ప్రియుడిని. నిమ్మ, పుదీనా, అల్లం, యాలకులు, మందారం, ఏది వేసినా సరే, గ్లాసులో ఐసు గలగలమనాలి. కాబట్టి ఈ మాట నా మీద వేసిన రాయే. అయినా నా అభ్యంతరం అందుకు కాదు. "సనాతనం" అనే మాట ఎక్కడ వినిపించినా "ఏ సంవత్సరం నుంచి?" అని అడగడం హేతువాదుల అలవాటు. దేవుడి విషయంలో అడిగే ప్రశ్నను టీ విషయంలో మాత్రం ఎందుకు మానుకోవాలి?

నేనుండే ఉస్లాపూర్ బిలాస్‌పూర్‌కు ఆనుకుని, కట్నీ వైపు వెళ్ళే లైను మీద ఉంది. బిలాస్‌పూర్ జంక్షన్‌కు వెళ్తే ఇంజిను తిప్పి కట్టాల్సి వస్తుందని కొన్ని రైళ్లు ఇక్కడే ఆగి వెళ్ళిపోతాయి. ఈ ప్రాంతంలో తెలుగువాళ్ళు ఎందుకు ఇంతమంది ఉన్నారో తెలియాలంటే రైలు చరిత్ర చూడాలి. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో పుట్టింది. 1891కల్లా నాగపూర్ నుంచి బిలాస్‌పూర్ మీదుగా అసన్‌సోల్ దాకా లైను వేసింది. తరువాత వాల్తేరు వరకు తూర్పుతీరపు లైను కూడా ఆ కంపెనీ చేతికే వచ్చింది. 1931లో రాయపూర్ - విజయనగరం లైను పూర్తయింది. ఆ పట్టాల వెంబడే ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి గ్యాంగుమన్లూ, ఖలాసీలూ, ఫైర్‌మన్లూ, గుమాస్తాలూ వచ్చి ఇక్కడ కాపురాలు పెట్టారు. మా నాన్న కూడా అలా వచ్చినవాడే.

ఆ పట్టాల మీదుగానే టీ కూడా వచ్చింది. ఇక్కడే అసలు కథ మొదలవుతుంది.

అస్సాం కొండల్లో సింగ్‌ఫో ప్రజలు తేయాకును చాలాకాలంగా వాడుతున్నారు, అది నిజం. 1823లో రాబర్ట్ బ్రూస్ అనే వ్యాపారికి ఆ మొక్క గురించి తెలిసింది వాళ్ళ ద్వారానే. 1839 జనవరిలో అస్సాం టీ లండన్ వేలానికి వెళ్ళింది. కానీ దేశంలో మిగతా జనానికి టీ అంటే ఎగుమతి సరుకు, దొరల పానీయం. మన ఆయుర్వేద కషాయాల్లో శొంఠి ఉంది, మిరియాలు ఉన్నాయి, తులసి ఉంది. తేయాకు మాత్రం లేదు. "అయిదు వేల ఏళ్ల మసాలా చాయ్" అని ప్యాకెట్ల మీద రాసుకునేవాళ్ళు కషాయం వయసును తీసుకొచ్చి టీకి అంటగడుతున్నారు. తాత వయసు చెప్పి మనవడికి పెన్షన్ అడిగినట్టు!

1903లో కర్జన్ ప్రభుత్వం తేయాకు ఎగుమతుల మీద సుంకం విధిస్తూ చట్టం చేసింది. ఆ సొమ్ము టీ ప్రచారానికి వాడాలి. మొదట్లో అది ఎక్కువగా విదేశాల్లో ఖర్చయింది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో మిల్లుల్లో, గనుల్లో, రైల్వే స్టేషన్లలో టీ దుకాణాలు పెట్టించారు. 1930ల మాంద్యంలో ధరలు కుప్పకూలాక, అమ్ముడుపోని సరుకును ఎవరి చేత తాగించాలని తోటల యజమానులు చూస్తే ఎదురుగా కోట్లాది భారతీయులు కనిపించారు. ఇక ఇల్లిల్లూ తిరిగి టీ కాచి చూపించారు. టీ ఎలా కాయాలో పలు భాషల్లో రాసిన ఎనామిల్ రేకులను ప్లాట్‌ఫారాల మీద బిగించారు. అంటే మన "సనాతన సంప్రదాయానికి" వాడుక సూచనల బోర్డు కావాల్సి వచ్చిందన్నమాట.

ఆ ప్రచారకులకు ఒక చికాకు ఉండేది. మన అమ్మకందార్లు ఆకు తక్కువ వేసి పాలు, చక్కెర, అల్లం, యాలకులు దట్టించేవారు. ఆకు ఖరీదు, అల్లం చవక. ఆకు అమ్ముకోవాలనుకునే దొరలకు ఇది కల్తీలా కనిపించింది. ఈరోజు మనం లొట్టలేసుకుని తాగే మసాలా చాయ్ ఆ "కల్తీ" లోంచే ఎదిగింది. 1930ల మొదట్లో అస్సాంలో విలియం మెక్‌కెర్చర్ తయారుచేసిన సి.టి.సి. యంత్రం, ఆకును చూర్ణించి, చింపి, ఉండకట్టే యంత్రం, స్వాతంత్ర్యం తరువాత విస్తరించింది. కొంచెం పొడికే చిక్కని రంగు, చవక ధర. దాంతో పేదవాడి గ్లాసులోకి కూడా టీ దిగింది. అమృతమథనం లేదు, ఋషుల వరం లేదు. మాంద్యం, ప్రకటనలు, ఒక యంత్రం, చిల్లర వ్యాపారి తెలివి. అంతే.

ఇంకో తమాషా చూడండి. ఇవాళ మన సంస్కృతికి గుర్తుగా చూపిస్తున్న ఈ టీని ఆ రోజుల్లో జాతీయవాదులే తిట్టారు. రసాయన శాస్త్రవేత్త ప్రఫుల్ల చంద్ర రాయ్ టీని విషంతో పోల్చారు. గాంధీ 1940లలో రాసిన ఆరోగ్య పుస్తకంలో టీ, కాఫీ, కోకోలను మానమన్నారు. అప్పుడు విదేశీ వ్యసనం, ఇప్పుడు సనాతన సంప్రదాయం. మధ్యలో గడిచింది నిండా వందేళ్లు కూడా కాదు!

ఇక ఐస్ టీ సంగతి. దీనికీ ఒక పురాణం ఉంది. 1904లో సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనలో రిచర్డ్ బ్లెచిండెన్ అనే ఆయన వేడి టీ అమ్ముతుంటే ఎండకు ఎవరూ రాలేదట. ఆయన విసిగిపోయి అందులో ఐసు వేశాడట. జనం ఎగబడ్డారట. అలా ఐస్ టీ పుట్టిందట. ఈ బ్లెచిండెన్ ఎవరో తెలుసా? భారత తేయాకు తరఫున అమెరికాలో ప్రచారం చేయడానికి వెళ్ళిన కమిషనర్! అంటే "అమెరికా మోజు" పుట్టుక కథలో కథానాయకుడు మన టీ ప్రచారకుడే.

అయితే కథ బాగుందని నమ్మేస్తే మనం హేతువాదులం ఎలా అవుతాం? 1879 నాటి "హౌస్‌కీపింగ్ ఇన్ ఓల్డ్ వర్జీనియా" అనే వంటల పుస్తకంలోనే గ్రీన్ టీని కాచి, వడగట్టి, ఐసు నింపిన గ్లాసుల్లో చక్కెర, నిమ్మరసంతో ఇచ్చే పద్ధతి ఉంది. 1890లో మిస్సోరీ రాష్ట్రంలోని నెవాడా ఊళ్ళో జరిగిన మాజీ సైనికుల సమావేశంలో 880 గ్యాలన్ల ఐస్ టీ ఖర్చయినట్టు అప్పటి పత్రిక రాసింది. కాబట్టి బ్లెచిండెన్ దాన్ని కనిపెట్టలేదు, మహా అయితే ప్రసిద్ధం చేశాడు. ఎర్ల్ గ్రే టీ కథా ఇంతే. ఒక చైనా అధికారి కొడుకును కాపాడినందుకు కృతజ్ఞతగా ఆ రహస్యం గ్రే ప్రభువుకు ఇచ్చారని చెబుతారు. బ్రిటన్ ప్రధానిగా పనిచేసిన ఆ గ్రే చైనాలో కాలే పెట్టలేదు. మనిషి ఎక్కడున్నా పుక్కిటి పురాణాలు అల్లుతాడు. మనవాళ్ళకే ఆ జబ్బు ఉందనుకోవడం కూడా ఒక మూఢనమ్మకమే.

ఇంతవరకు సరదా. ఇప్పుడు సరదా కాని విషయం.

బ్రిటిష్ కాలంలో మన రైల్వే ప్లాట్‌ఫారాల మీద "హిందూ పానీ, ముస్లిం పానీ" ఉన్నట్టే "హిందూ చాయ్, ముస్లిం చాయ్" ఉండేవి. అదే ఆకు, అదే చక్కెర, అవే పాలు. బిళ్ళలు వేరు, కుండలు వేరు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక ఎర్రకోటలో బందీలుగా ఉన్న ఆజాద్ హింద్ ఫౌజ్ సైనికులు గాంధీకి ఇదే చెప్పుకున్నారు. ఫౌజులో మాకు ఈ తేడాలు లేవు, ఇక్కడ మాత్రం హిందూ టీ, ముస్లిం టీ అని వేరువేరుగా పంపిస్తున్నారు అని. మరి మీరేం చేస్తున్నారని ఆయన అడిగితే, రెండూ సగం సగం కలిపేసి పంచుకుంటున్నాం అన్నారు. నేను విన్న ఫ్లేవర్డ్ టీలన్నిటిలో గొప్పది అదే. రెండు మతాలు కలిపినా రుచి మారలేదు!

మన ఊళ్ళ సంగతి? మా నాన్న సొంతూరు శ్రీకాకుళం జిల్లాలో. సెలవులకు వెళ్ళినప్పుడు అక్కడి టీ హోటల్లో నేను చూశాను. మా వాళ్ళ గ్లాసులు చూరులో దోపి ఉండేవి. తాగి, మనమే కడిగి, మళ్ళీ అక్కడే దోపాలి. బల్ల మీది గ్లాసులు ఇతరులవి. రెండు గ్లాసుల పద్ధతి అని పుస్తకాల్లో చదివేది అదే. మా నాన్న ఆ హోటలు దాటేటప్పుడు నడక వేగం పెంచేవాడు. నాకు టీ కావాలని ఏడ్చినా ఆగేవాడు కాదు. బిలాస్‌పూర్ ప్లాట్‌ఫారం మీద మాత్రం నింపాదిగా నిలబడి, అందరి పక్కనే, మట్టి ముంతలో తాగేవాడు.

ఆ మట్టి ముంతను, ఇక్కడి మాటలో కుల్హడ్‌ను, ఇప్పుడు పర్యావరణ సంప్రదాయమని పొగుడుతున్నారు. మట్టి వాసన నాకూ ఇష్టమే. కానీ ఒకసారి తాగి పగలగొట్టడం వెనక కొంత ఎంగిలి భయం, మైల భయం కూడా ఉంది. ఎవరు తాగిన పాత్రో తెలియకుండా తాగకూడదు కదా! విచిత్రమేమిటంటే, అంటరానితనం భయం ఉన్న ఆ ముంతే అందరికీ ఒకేలాంటి పాత్ర అయి మా నాన్నకు చూరు గ్లాసు నుంచి విముక్తి ఇచ్చింది. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 15వ అధికరణం దుకాణాల్లో, హోటళ్ళలో వివక్ష కూడదంది. 1955లో దాన్ని శిక్షించే చట్టం వచ్చింది. కాబట్టి ఎవరైనా "మన టీ సంప్రదాయం" అంటే, ఏ గ్లాసులో ఇచ్చిన టీ అని అడగాలనిపిస్తుంది నాకు.

ఇక నాలుక సంగతి. మా మిత్రుల్లో ఒకాయన ఖరీదైన నిమ్మ టీ ప్యాకెట్ తెచ్చి, దీని రుచే వేరు, కళ్ళు మూసుకుని చెప్పగలను అన్నాడు. మంచిదే, పరీక్షిద్దాం. దీనికి మార్గం వందేళ్ల క్రితమే ఉంది. 1920ల మొదట్లో ఇంగ్లండులోని రోతమ్‌స్టెడ్ పరిశోధన కేంద్రంలో మ్యూరియల్ బ్రిస్టల్ అనే శాస్త్రవేత్త, కప్పులో ముందు పాలు పోశారో టీ పోశారో రుచి చూసి చెప్పగలనన్నారు. సహోద్యోగి రొనాల్డ్ ఫిషర్ దాని మీద ఆలోచించి 8 కప్పుల పరీక్షను రూపొందించాడు. 4 ఒక రకం, 4 ఇంకో రకం. ఊరికే ఊహించి నాలుగూ సరిగ్గా చెప్పే అవకాశం 70లో 1. ఆయన 1935లో రాసిన ప్రయోగాల పుస్తకంలో ఇది ప్రసిద్ధ ఉదాహరణ. మేమూ 8 గ్లాసుల ఐస్ టీ పెట్టాం. 4 ప్యాకెట్‌వి, 4 మామూలు పొడి, ఇంటి నిమ్మకాయవి. ఆయన ఏరిన నాలుగింటిలో రెండే ప్యాకెట్‌వి. కళ్ళు మూసుకుని ఏరినా రెండు సరిపోయే అవకాశం 70లో 36. ఒక్క పరీక్షతో ప్యాకెట్ మోసమని తేల్చలేం. కానీ "కచ్చితంగా చెప్పగలను" అనే మాట మాత్రం ఆ రోజు నిలబడలేదు. ఆయన నవ్వేశాడు, మిగిలిన టీ అందరం తాగేశాం.

చల్లని టీకి చక్కెర ఎక్కువ ఎందుకు పడుతుందో కూడా తెలుసుకోవాలి. నాలుక మీద తీపిని మెదడుకు చేరవేసే ఒక మార్గం వేడికి చురుగ్గా, చలికి మందంగా పనిచేస్తుందని 2005లో వచ్చిన పరిశోధన చూపింది. అందుకే కరిగిన ఐస్ టీ ఒక్కసారిగా పానకంలా అనిపిస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టిన చిక్కని డికాషన్ మబ్బుగా మారితే పాడైందని పారబోయకండి. అందులోని కెఫీన్, టీ వర్ణకాలు చల్లబడి జతకట్టడమే అది. చన్నీళ్ళలో ఆకు వేసి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే చేదు తక్కువ, పరిమళం మృదువుగా ఉంటుంది.

వేసవిలో వేడి టీ తాగితేనే చలువ అంటారు కదా, అదీ చూద్దాం. 2012లో ఒట్టావా విశ్వవిద్యాలయం పరిశోధకులు సైకిలు తొక్కేవారి మీద పరీక్షిస్తే, చెమట పూర్తిగా ఆవిరయ్యే పరిస్థితిలో వేడి పానీయం వల్ల ఒంట్లో నిలిచే వేడి తగ్గిందని తేలింది. అంటే మా ఉస్లాపూర్ మే నెల పొడి ఎండలో ఆ మాటకు కొంత ఆధారం ఉంది. విశాఖపట్నం ఉక్కపోతలో చెమట కారుతుందే గానీ ఆరదు, అక్కడ లేదు. పాత మాటలన్నీ అబద్ధమని కొట్టేయడం హేతువాదం కాదు. ఏ పరిస్థితిలో నిజమో చూడటం హేతువాదం.

రంగుల టీలు కూడా మనకు పనికొస్తాయి. శంఖుపూల నీలం టీలో నిమ్మరసం పిండితే ఊదా రంగుకు, గులాబీకి మారుతుంది. పసుపులో సున్నం కలిపి "రక్తం" చూపించే బాబాల గారడీకి ఇది చుట్టమే, రెండూ ఆమ్ల క్షారాల పనే. పిల్లలకు ఒక గ్లాసు కలిపి చూపిస్తే ఉపన్యాసం అక్కర్లేదు. ఇక గోంగూర జాతి మొక్క ఎర్రని పూతొడిమలతో ఈజిప్టు, సుడాన్లలో చల్లని పుల్లని టీ కాస్తారు. ఆ జాతి ఆకునే ఛత్తీస్‌గఢ్‌లో అమారీ భాజీ అంటారు. మన పచ్చడికీ నైలు నది ఒడ్డు గ్లాసుకూ ఎంత చుట్టరికమో!

ఆరోగ్యం పేరుతో అమ్మే మాటల దగ్గర మాత్రం జాగ్రత్త. ఏ టీ కూడా ఒంట్లోని "విషాలు" కడగదు, ఆ పనికి కాలేయం, మూత్రపిండాలు ఉన్నాయి. గ్రీన్ టీ సారం గుళికల ద్వారా ఇ.జి.సి.జి. (EGCG) అనే పదార్థం రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకు మించి ఒంట్లోకి వెళితే కాలేయానికి హాని కలగవచ్చని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో హెచ్చరించింది. అమెరికాలో రోజూ 16 గ్లాసుల ఐస్ టీ తాగిన ఒకాయన మూత్రపిండాలు దెబ్బతిన్న సంగతి 2015లో వైద్య పత్రికలో వచ్చింది. భోజనంతో పాటు టీ తాగితే ఆహారంలోని ఇనుము ఒంటికి తక్కువగా పడుతుంది, రక్తహీనత ఉన్న ఆడవాళ్ళు గంట ఎడం ఇవ్వడం మేలు. అన్నిటికన్నా ముఖ్యం ఐసు. గడ్డకట్టినంత మాత్రాన క్రిములు చావవు. బండి మీది ఐసు ఏ నీళ్ళతో చేశారో అడగండి. కామెర్లు వచ్చాక తాయెత్తు కట్టించుకోవడం కన్నా ముందే ఆ ప్రశ్న అడగడం తేలిక.

మసాలా చాయ్ తాగండి, ఐస్ టీ తాగండి, రెండూ మానేసి మజ్జిగ తాగండి. నచ్చడానికి పురాతనత్వం సర్టిఫికెట్టు అక్కర్లేదు. నాకు పుదీనా ఐస్ టీ నచ్చడానికి అది చల్లగా, బాగుండటమే చాలిన కారణం. కానీ ఎవరైనా తమ రుచిని సంప్రదాయం చేసి, ఆ సంప్రదాయాన్ని ఇంకొకరి నెత్తిన రుద్దబోతే, రెండే రెండు ప్రశ్నలు వేయండి. ఏ సంవత్సరం నుంచి? అప్పుడు ఆ గ్లాసు ఎవరి చేతికి ఇచ్చేవారు, ఎవరిది చూరులో ఉండేది?