లుంగ్, నాగు, డ్రాగన్

చైనా మీద కోపం వచ్చినప్పుడల్లా మన పత్రికలకు 'డ్రాగన్' గుర్తొస్తుంది. గ్రీకు 'ద్రాకోన్' నుంచి లాటిన్, ఫ్రెంచి, ఇంగ్లీషుల మీదుగా మనకు చేరిన మాట అది. యూరపు క్రైస్తవ గాథల్లో డ్రాగన్ వీరుడి చేతిలో చావవలసిన దుష్టమృగం. చైనీయుల మాట 'లుంగ్'. అది వాన కురిపించేది. ఒకరి వానదేవరను ఇంకొకరి రాక్షసి పేరుతో పిలుస్తున్నామన్నమాట.

దాదాపు 3200 ఏళ్ల కిందటి షాంగ్ రాజుల జోస్యపు ఎముకల మీద లుంగ్ అక్షరం ఉంది: తలపై కిరీటంలాంటి గుర్తు, తెరిచిన నోరు, మెలి తిరిగిన ఒళ్లు. క్రీ.శ. 100లో 'షువోవెన్' నిఘంటువు కూర్చిన షు షెన్ ఈ ఎముకలను ఎరగడు. అవి పండితుల కంటబడింది 1899లో. అయినా అతడిచ్చిన అర్థం విలువైనది. లుంగ్ వసంత విషువత్తుకు ఆకాశానికెక్కుతుంది, శరద్విషువత్తుకు మడుగులోకి దిగుతుంది అంటాడు. ఇది పండితుడి ఊహ కాదు, రైతు పంచాంగం.

బౌద్ధం చైనా చేరాక అనువాదకులకు 'నాగ' శబ్దం ఎదురైంది. నాగులూ నీళ్లలో ఉండేవే, వాన ఇచ్చేవే. అందుకని లుంగ్ అన్నారు. సంస్కృతంలో నాగమంటే ఏనుగు కూడా కదా. 'మహానాగ' దగ్గర చిక్కుపడి, రెండూ కలిపి 'లుంగ్-ఏనుగు' అన్నారు! 401లో చాంగాన్ చేరిన కుమారజీవుడు నాగార్జునుణ్ణి 'లుంగ్‌షు' చేశాడు. షు అంటే చెట్టు, అర్జునం మద్దిచెట్టు. 7వ శతాబ్దిలో మన ధాన్యకటకం చూసి వెళ్లిన హ్యూయెన్‌త్సాంగ్ 'లుంగ్‌మెంగ్' అన్నాడు. ఆయనకు అర్జునుడంటే శూరుడు.

నాగరాజు 'లుంగ్‌వాంగ్' అయ్యాడు. కరువొస్తే పల్లెజనం ఆయన బొమ్మను గుడిలోంచి తెచ్చి ఎండలో కూర్చోబెట్టేవారు, తాపం తెలిస్తేనైనా కరుగుతాడని. రోకలికి కప్పను కట్టి ఇంటింటా నీళ్లు పోయించే మా పాలమూరువాళ్లకు ఈ తగవు కొత్త కాదు. ఇంతలో రాజులు లుంగ్‌ను తమ అంగీల మీదికి ఎక్కించుకున్నారు. 14వ శతాబ్దిలో అయిదు గోళ్ల లుంగ్ బొమ్మ సామాన్యుడు వాడరాదని శాసనమే చేశారు. రైతు ఊహ దొర సొత్తు కావడమెట్లాగో తెలంగాణలో వివరించనక్కరలేదు.

మన సంగతి చూడండి. 'పాము' ద్రావిడ మాట; తమిళ 'పాంబు', కన్నడ 'హావు' దాని తోబుట్టువులు. 'నాగ' సంస్కృతం. అమరావతి రాతిముక్క మీద వేటూరి ప్రభాకరశాస్త్రి చూపిన 'నాగబు'లో దానికి తెలుగు ప్రత్యయం చేరింది. పాత మాట ఉండగా కొత్తది ఎందుకు నిలిచింది? పని వేరు గనుక. చవితినాడు పుట్టలో పాలు పోసేది నాగన్నకు, మర్నాడు చేనులో కర్రెత్తేది పాము మీద. చైనీయులకూ మామూలు పాముకు 'షె' అని వేరే మాట ఉంది.

లుంగ్‌కు కాళ్లు, కొమ్ములు ఉన్నాయి. నాగు పూర్తిగా సరిపోదని విద్యార్థులు అనవచ్చు. నిజమే. కాని నాగుకు 1600 ఏళ్ల అనువాద సాక్ష్యం ఉంది, డ్రాగన్‌కు ఇంగ్లీషు పుస్తకాల సాక్ష్యమే ఉంది. చైనా కథలు తెనిగించే మిత్రులు ఆ మాట వచ్చినచోట వాన ఉందా, రాజు ఉన్నాడా అని చూస్తే చాలు. వాన ఉన్నచోట నాగు అనడానికి నాకు సంకోచం లేదు. రాజు ఉన్నచోట లుంగ్ అనే ఉంచుతాను.