గెటిస్‌బర్గ్ గళ్ల తగువు

సైన్యంలో అధికారి హోదా (కమిషన్) కోసం ఎదురుచూస్తున్న చార్లెస్ రాబర్ట్స్ అనే అమెరికా కుర్రవాడు, యుద్ధవిద్యను బల్లమీదే సాధన చేద్దామని 1952లో ఓ ఆట కట్టుకున్నాడు. పేరు టాక్టిక్స్. అందులో దేశాలు రెండూ కల్పితాలే. 1954లో అచ్చువేసి పోస్టులో అమ్మితే రెండు వేల దాకా పోయాయి. లాభం పెద్దగా లేదు, ధైర్యం మాత్రం వచ్చింది.

1958లో అవలాన్ హిల్ కంపెనీ పేరుతో గెటిస్‌బర్గ్ తెచ్చాడు. ఈసారి నేల నిజం, సైన్యాలు నిజం. 1863 జూలై మొదటి మూడు రోజుల్లో అమెరికా అంతర్యుద్ధంలో భాగంగా పెన్సిల్వేనియాలో జరిగిన పోరు అది. ఆట మొదట్లో పటం మీద ఉండేది కొద్ది దళాలే. మిగతావి నాడు ఏ దారిన ఏ వేళకు వచ్చాయో అలాగే వచ్చి చేరతాయి. చరిత్ర చదివినవాడికి గుండె ఝల్లుమనేది అక్కడే. దెబ్బలాటలో ఇరువైపుల బలాలను నిష్పత్తి కట్టి, పాచిక వేసి, పట్టికలో ఫలితం చూసుకోవాలి. మూడింతల బలంతో మీద పడేవాడికి భయం తక్కువ, సమ ఉజ్జీతో కలబడితే అదృష్టమే దిక్కు.

పటం మీద చదరపు గళ్లుండటంతోనే వచ్చింది చిక్కు. గడి వెంట గడి నేరుగా నడిస్తే ఒక దూరం, ఐమూలగా దాటితే దాదాపు ఒకటిన్నర రెట్లు. గళ్లు లెక్కపెడితే మాత్రం రెండూ ఒక్క అడుగే. చదరంగంలో దీన్ని ఎవరూ అడగరు. నిజమైన కొండ, నిజమైన బాట గీశాక మాత్రం అడిగి తీరతారు.

షడ్భుజాల గళ్లున్న పటాన్ని అమెరికా పరిశోధన సంస్థ రాండ్ వారి ఫొటోలో చూసి ఆ ఉపాయం పట్టుకున్నానని రాబర్ట్స్ తర్వాత చెప్పుకున్నాడు. ఆరు వైపులా దూరం సమానం, మూల గొడవే లేదు. 1961లో మార్చి వేసిన గెటిస్‌బర్గ్‌కు, అదే ఏడు వచ్చిన డి-డే ఆటకూ ఆ గళ్లే వేశారు. నా లెక్కలో ఈ ఆటల చరిత్రలో అంతకన్నా తెలివైన మార్పు లేదు. అయినా 1964లో గెటిస్‌బర్గ్ మళ్లీ చదరపు గళ్లకే తిరిగి వెళ్లింది!

అప్పటికి రాబర్ట్స్ కంపెనీలో లేడు. అప్పులు పెరిగి 1963 చివర్లో దాన్ని అప్పులవాళ్లకు వదిలేశాడు. గెటిస్‌బర్గ్‌కు నిజంగా జరిగిన పోరు మీద వచ్చిన తొలి ఆటన్న గౌరవం దక్కింది గానీ, ఆటగా మొరటుదనే మాటా తప్పలేదు. 1977లో కంపెనీయే దాన్ని మొదటినుంచీ తిరగరాసింది, ఈసారి షడ్భుజాల మీద.