ఏ చదువు, ఏ పని: కలకత్తాలో దొరికిన దారులు

1940లో ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి గణితంలో ఎం.ఏ. ప్రథమ శ్రేణిలో పూర్తిచేసిన ఒక కుర్రాడికి వెంటవెంటనే రెండు తలుపులు మూసుకున్నాయి. పరిశోధన చేద్దామని స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు పెట్టాడు. అది గడువు దాటాక చేరిందన్న కారణంతో తిరస్కరించారు. యుద్ధకాలం కాబట్టి సైన్యానికి చెందిన సర్వే విభాగంలో గణితం తెలిసినవాళ్లు కావాలంటే ఇంటర్వ్యూ కోసం కలకత్తా వెళ్లాడు. ఆ ఉద్యోగమూ రాలేదు. అయితే ఆ ఊళ్లో అతనికి ఒక దక్షిణాది యువకుడు పరిచయమయ్యాడు. స్టాటిస్టిక్స్ అనే విషయంలో శిక్షణ పొందడానికి వచ్చానని ఆ యువకుడు చెప్పాడు. అదేమిటో చూద్దామని అతని వెంట వెళ్లాడు మనవాడు. 1941 జనవరి 1న అదే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో విద్యార్థిగా చేరాడు. అతనే కల్యంపూడి రాధాకృష్ణారావు. ప్రపంచానికి సి.ఆర్. రావు.

ఈ కథను అదృష్టం ఖాతాలో వేసి ఊరుకోవచ్చు. కానీ కెరీర్ ఎంపిక గురించి ఆలోచించే ఇంటర్ విద్యార్థికి, అతని తల్లిదండ్రులకు ఇందులో పనికొచ్చే సంగతి ఒకటుంది. రావుకు గణితం మీద ప్రేమ ముందునుంచీ ఉంది. సామర్థ్యమూ ఉంది. లేనిదల్లా, ఆ రెండూ కలిసి అన్నం పెట్టగలిగే పని ఒకటుందన్న సమాచారం. అది పుస్తకంలో దొరకలేదు, ఆ పని చేస్తున్న గదిలోకి వెళ్తేనే దొరికింది.

ఆ గది కూడా అలాంటి మరో కథలోంచే పుట్టింది. సంస్థను స్థాపించిన ప్రశాంత చంద్ర మహలనోబిస్ చదివింది భౌతికశాస్త్రం. కేంబ్రిడ్జిలో చదువు ముగించుకుని 1915లో తిరిగి వస్తుండగా యుద్ధం వల్ల ఓడ ఆలస్యమైంది. ఆ ఖాళీలో బయోమెట్రికా అనే పత్రిక సంపుటాలు ఆయన కంటపడ్డాయి. కొని తెచ్చుకుని ఓడలో చదివారు. ఆ తర్వాత కూడా ప్రెసిడెన్సీ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పే ఉద్యోగం మానలేదు. ఆ విభాగంలోనే తన గదిలో ఒక మూల గణాంక ప్రయోగశాల నడిపారు. అది 1931 డిసెంబరులో సంస్థగా మారింది. 1941లో కలకత్తా విశ్వవిద్యాలయం స్టాటిస్టిక్స్‌లో ఎం.ఏ. కోర్సు మొదలుపెట్టినప్పుడు మొదటి బ్యాచ్‌లో చేరినవారిలో రావు ఒకరు. 1943లో బంగారు పతకంతో బయటికొచ్చారు. ఆయన విశాఖలో డిగ్రీ చదువుతున్న రోజుల్లో ఎవరైనా ‘ఏమవుతావు?’ అని అడిగితే ‘స్టాటిస్టీషియన్’ అనే జవాబు ఆయన నోటికి వచ్చే అవకాశమే లేదు. దేశంలో అప్పటికి అలాంటి పీజీ కోర్సే లేదు.

విచిత్రమేమిటంటే, విద్యార్థికి తగిన వృత్తి ఏదో శాస్త్రీయంగా చెప్పాలన్న ప్రయత్నం మన దేశంలో మొదలైందీ ఈ ఊళ్లోనే. 1938లో కలకత్తా విశ్వవిద్యాలయం అనువర్తిత మనస్తత్వ శాస్త్ర విభాగంలో వృత్తి మార్గదర్శకత్వానికి ఒక శాఖ తెరిచారు. దేశంలో గైడెన్స్ ఉద్యమ చరిత్ర రాసేవాళ్లంతా ఇక్కడి నుంచే మొదలుపెడతారు. 1952-53 నాటి మొదలియార్ కమిషన్ ఉన్నత పాఠశాలల్లో ఈ సేవలు ఉండాలంది. 1964-66 నాటి కొఠారీ కమిషన్ కూడా అదే చెప్పింది. మన బడుల్లో ఎన్నింటిలో అలాంటి మనిషి ఉన్నాడో చదువరులకే తెలుసు. తెలుగు రాష్ట్రాల్లో ‘కౌన్సెలింగ్’ అనే మాటకు అర్థమే మారిపోయింది. ర్యాంకు వచ్చాక వెబ్ ఆప్షన్లు పెట్టుకుని సీటు కోసం ఎదురుచూడటాన్ని మనం కౌన్సెలింగ్ అంటున్నాం. సలహా ఇచ్చేవాడు లేని కౌన్సెలింగ్ అది.

ఆ శాస్త్రం మూలం అమెరికాలోని బోస్టన్ నగరంలో ఉంది. 1908లో ఫ్రాంక్ పార్సన్స్ అక్కడ ఒక వృత్తి సలహా కేంద్రం తెరిచారు. ఆయనే ఇంజినీరుగా మొదలై, ఉద్యోగం పోయి, టీచరై, లాయరైన మనిషి. మరుసటి ఏడాది, ఆయన మరణానంతరం వెలువడిన పుస్తకంలో చెప్పిన సూత్రం ఈ రోజుకీ ప్రతి కెరీర్ సెమినార్‌లో వినిపిస్తుంది: నిన్ను నువ్వు తెలుసుకో, వృత్తుల్ని తెలుసుకో, రెండింటినీ తర్కంతో కలుపు. సూత్రంలో తప్పులేదు. అయితే ఆచరణలో మొదటి భాగానికే బరువంతా పడుతోంది. ఆసక్తి పరీక్షలు, ఆప్టిట్యూడ్ పరీక్షలు, గంటలో రిపోర్టు చేతికిచ్చే యాప్‌లు అన్నీ ‘నిన్ను నువ్వు తెలుసుకో’ దగ్గరే ఆగుతాయి. పదిహేనేళ్ల పిల్లవాడికి ‘యంత్రాలంటే ఇష్టమా, మనుషులంటే ఇష్టమా’ అన్న ప్రశ్న వేస్తే, అతను చూసిన నాలుగు యంత్రాలను, పది మంది మనుషులను బట్టి జవాబిస్తాడు. పరీక్ష ఎంత మంచిదైనా అతను చూడని పని గురించి ఏమీ చెప్పలేదు. ఈ పరీక్షల వల్ల ఉపయోగం లేదని కాదు. లెక్కలు బొత్తిగా పట్టని పిల్లను ఎంపీసీలో వేయబోతుంటే ఆపడానికి ఒక కాగితం ఆధారంగా పనికొస్తుంది. కానీ దారి చూపించే పని వాటిది కాదు.

రెండో భాగమే అసలైన లోటు. మన ఇళ్లలో పిల్లలు దగ్గరగా చూసే వృత్తులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు: నాన్న చేసే పని, బడిలో టీచరు, ఆస్పత్రిలో డాక్టరు, అమెరికాలో ఉన్న బాబాయి ల్యాప్‌టాప్. చివరిది కూడా పని కాదు, ఫొటో. ఆ ల్యాప్‌టాప్‌లో ఉదయం నుంచి సాయంత్రం దాకా ఏం జరుగుతుందో ఆ ఇంట్లో ఎవరూ అడిగి ఉండరు. అడగాల్సింది అదే. ఒక వృత్తిలో ఉన్న మనిషిని పట్టుకుని మామూలు మంగళవారం ఎలా గడుస్తుందో చెప్పమనాలి. ఏ పని దగ్గర విసుగొస్తుంది, ఐదో ఏట జీతం ఎంత, అతనితో చేరి మానేసినవాళ్లు ఎక్కడికి వెళ్లారు, ఇందులోకి రావడానికి ఇంకే దారులున్నాయి అని అడగాలి. జీతం అడగడానికి మొహమాటపడనక్కర్లేదు, పిల్లలకైతే నిజమే చెబుతారు. వీలైతే రెండు రోజులు ఆ పని జరిగే చోట కూర్చోవాలి. కోర్టు హాలు, పశువైద్యశాల, ప్రింటింగ్ ప్రెస్, ఆడిటర్ ఆఫీసు... వీటిలోకి వేసవి సెలవుల్లో ఒక కుర్రాడిని రానివ్వమంటే కాదనేవాళ్లు తక్కువ. మనం అడగం, అంతే.

ఇంత చూశాక నచ్చిన పని దొరికినా, దానిలోకి దూకడం ఎలా అన్నది ఇంకో చిక్కు. ఇల్లు నడవాలి, అప్పులుంటాయి, చెల్లెలి చదువు ఉంటుంది. ‘నీ కలను అనుసరించు’ అని వేదికల మీద చెప్పేవాళ్లు ఈ లెక్క చెప్పరు. దీనికీ కలకత్తాలోనే ఒక మంచి ఉదాహరణ ఉంది. 1907లో సి.వి. రామన్ ఆర్థిక శాఖ పోటీ పరీక్షలో నెగ్గి అసిస్టెంట్ అకౌంటెంట్ జనరల్‌గా ఈ ఊరొచ్చారు. అన్న కూడా ఆ శాఖ ఉద్యోగే. సైన్సు చదివినవాడికి అప్పట్లో బతుకుతెరువు లేదు కాబట్టి తీసుకున్న సర్కారీ కొలువు అది. బౌబజార్ వీధి 210 నంబరు భవనం మీద ఒక సైన్సు సంఘం బోర్డు కనిపించింది. డాక్టర్ మహేంద్రలాల్ సర్కార్ 1876లో పెట్టిన సంస్థ. ఆఫీసుకు ముందు, ఆఫీసు తర్వాత అక్కడి ప్రయోగశాలలో పనిచేశారు రామన్. మధ్యలో రంగూన్, నాగ్‌పూర్ బదిలీలు కూడా అయ్యాయి. అలా పదేళ్లు. 1917లో విశ్వవిద్యాలయం పాలిత్ ప్రొఫెసర్ పదవి ఇచ్చాకే, దాదాపు సగం జీతానికి, సర్కారీ ఉద్యోగం వదిలారు. వదిలిన ధైర్యం గురించి అందరూ రాస్తారు. వదలకుండా నిలబడ్డ పదేళ్ల గురించి ఎవరూ రాయరు. తనకు ఆ పని చేతనవుననడానికి ఆ పదేళ్లలో ఆయన ప్రచురించిన వ్యాసాలే సాక్ష్యం. సత్యజిత్ రాయ్ కూడా ఈ ఊళ్లో 1943 నుంచి ఒక ప్రకటనల కంపెనీలో చిత్రకారుడిగా జీతం తీసుకుంటూనే తొలి సినిమా తీశారు. 1955లో అది విడుదలయ్యేదాకా ఉద్యోగం ఉంది.

రామన్ ప్రయోగశాలకు మన వైపు నుంచి వెళ్లినవారిలో గుడివాడ ప్రాంతానికి చెందిన సూరి భగవంతం ఒకరు. నిజాం కాలేజీలో బీఎస్సీ అయ్యాక 1928లో కలకత్తా చేరారు. ఫోటాన్ స్పిన్‌పై 1931లో గురువుతో కలిసి ప్రయోగ ఫలితాలు ప్రచురించారు. మరుసటి ఏడాది ఆంధ్ర విశ్వవిద్యాలయానికి అధ్యాపకుడిగా వచ్చారు. తర్వాత ఉస్మానియాకు వైస్ చాన్స్‌లర్, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టర్, రక్షణ శాఖకు శాస్త్ర సలహాదారు. 1928లో రైలెక్కినప్పుడు ఆయన ఎంచుకున్నది ఈ పదవుల్లో దేన్నీ కాదు. ఎవరి దగ్గర పని నేర్చుకోవాలో మాత్రమే ఎంచుకున్నారు. కాలేజీ పేరు కన్నా ఎవరి చేతి కింద పనిచేస్తామన్నది ముఖ్యమైన సందర్భాలు ఇప్పటికీ ఉన్నాయి. మంచి ఆడిటర్ దగ్గర ఆర్టికల్‌షిప్, మంచి సీనియర్ దగ్గర జూనియర్ వకీలుగా చేరడం అలాంటివే.

పదో తరగతి తర్వాత గ్రూపు ఎంచుకునేవారికి తరచూ వినిపించే వాదన ఒకటుంది: ఎంపీసీ తీసుకుంటే అన్ని దారులూ తెరిచి ఉంటాయి. అందులో కొంత నిజముంది. ఎంపీసీ చదివినవాడు తర్వాత చార్టర్డ్ అకౌంటెన్సీకో న్యాయశాస్త్రానికో వెళ్లవచ్చు. సీఈసీ చదివినవాడు ఇంజినీరింగ్‌కు రాలేడు. వెనక్కి తిరగలేని నిర్ణయాలను వీలైనంత ఆలస్యంగా తీసుకోవడం తెలివైన పనే. కానీ ఈ వాదన పట్టుకునే లెక్కలంటే భయపడే పిల్లలను రెండేళ్లు హాస్టల్ గదుల్లో కూర్చోబెడుతున్నాం. దారులు తెరిచి ఉంచుకోవడానికీ ఖర్చుంది. డబ్బు ఒక్కటే కాదు, ‘నాకు చదువు రాదు’ అన్న నమ్మకం ఆ రెండేళ్లలో పిల్లవాడిలో స్థిరపడిపోవడం అంతకన్నా పెద్ద ఖర్చు. అదే పిల్లవాడు ఎకనామిక్స్‌లోనో చరిత్రలోనో తరగతిలో మొదటివాడై ఉండేవాడేమో.

గణితం నిజంగా ఇష్టమని చెప్పేవారికి ఆ ఇష్టాన్ని పరీక్షించుకునే చౌకైన మార్గం ఒకటుంది. రావు చేరిన సంస్థ ఇప్పుడు కోల్‌కతా ఉత్తరాన బరానగర్‌లో ఉంది. 1959 నాటి చట్టంతో జాతీయ ప్రాధాన్యమున్న సంస్థగా గుర్తింపు పొంది, మరుసటి ఏడాది బీస్టాట్ కోర్సు ప్రారంభించింది. దాని ప్రవేశ పరీక్షలో వివరంగా జవాబు రాయాల్సిన లెక్కలుంటాయి. పాత ప్రశ్నపత్రం ఒకటి తీసుకుని ఆదివారం ఉదయం కూర్చోవాలి. ఎన్ని వచ్చాయన్నది అంత ముఖ్యం కాదు. రాని లెక్క సాయంత్రం దాకా బుర్రలో తిరిగిందా, పేపరు మూసేయగానే హాయిగా ఉందా అన్నది గమనించాలి. షార్ట్‌కట్‌లతో ఆబ్జెక్టివ్ ప్రశ్నలు చేయడంలో వచ్చే ఆనందం వేరు, గణితం వేరు. కార్పొరేట్ కాలేజీలో మొదటి సెక్షన్‌లో ఉన్న పిల్లవాడికి కూడా ఈ తేడా తెలియకపోవచ్చు.

ఈ ఊళ్లోనే మన పిల్లల్లో చాలామంది పేరు కూడా వినని చదువులు ఇంకా ఉన్నాయి. తారాతలాలో 1949 నుంచి ఓడల ఇంజినీర్లను తయారుచేస్తున్న కళాశాల ఇప్పుడు ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ప్రాంగణం. ఎంపీసీ చాలు, కానీ నెలల తరబడి సముద్రం మీద ఉండే బతుకు. ఆ సంగతి ముందే ఒక మెరైన్ ఇంజినీరు భార్యను అడిగితే బ్రోచర్ కన్నా బాగా చెబుతుంది. సినిమా పిచ్చి ఉన్నవారికి సత్యజిత్ రాయ్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఏదైనా డిగ్రీ తర్వాత ఛాయాగ్రహణం, ఎడిటింగ్, శబ్దగ్రహణం నేర్పుతారు.

కృష్ణానగర్‌లో ఏళ్ల తరబడి అవకాశాల కోసం తిరిగేముందు చూడదగ్గ దారి అది.

1945లో రావు ఓ వ్యాసం ప్రచురించారు. ప్రపంచమంతా స్టాటిస్టిక్స్ విద్యార్థులు చదివే క్రామర్-రావు అసమానత, రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం అందులోవే. దానికే 2023లో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ వచ్చింది. అప్పటికాయన వయసు 102. ఆ అసమానత తరగతి గదిలో వచ్చిన ఒక ప్రశ్నతో పుట్టిందని ఆయన చెబుతుండేవారు. పాఠం చెబుతుండగా, పెద్ద నమూనాలకు వర్తించే ఈ ఫలితం చిన్న నమూనాలకూ ఉంటుందా అని ఒక విద్యార్థి అడిగాడు. రావు ఆ రాత్రి ఇంట్లో కూర్చుని జవాబు కనుక్కుని మర్నాడు తరగతిలో చెప్పారు. అడిగిన విద్యార్థి పేరు వి.ఎం. దండేకర్. ఆయన స్టాటిస్టిక్స్‌లోనే ఉండిపోలేదు. అర్థశాస్త్రవేత్త అయ్యి, 1971లో నీలకంఠ రథ్‌తో కలిసి భారతదేశంలో పేదరికం మీద పుస్తకం రాశారు.