సాన్ క్లెమెంతే బాసిలికా: క్రింది నుండి పైకి వచ్చిన చలువరాళ్లు

రోము నగరమున కొలోసియమునకు తూర్పుదిశగా కొద్దిపాటి నడక దూరమున సాన్ క్లెమెంతే అను బాసిలికా కలదు. వెలుపలినుండి చూచువారికి అది గొప్ప కట్టడముగ తోచదు. కాని ఆ స్థలమున మూడు కాలములు ఒకదానిపై నొకటి నిలిచియున్నవి. పైనున్నది 12వ శతాబ్ది తొలినాళ్ల చర్చి. దాని క్రింద 4వ శతాబ్ది నాటి చర్చి. దానికిని అడుగున 1వ శతాబ్ది నాటి రోమను కట్టడములు. వానిలో నొకదానియందు మిత్రాసు అను దేవుని పూజాగృహము తరువాతి కాలమున ఏర్పడినది.

బాసిలికా యనునది మొదట దేవాలయమునకు పేరు కాదు. న్యాయవిచారణకును వర్తకమునకును రోమనులు కట్టుకొనిన పెద్ద సభాశాలకు ఆ పేరు. రెండు స్తంభముల వరుసలు, వాని నడుమ ఎత్తైన శాల, ఇరుప్రక్కల తక్కువ ఎత్తుగల వసారాలు, చివర అర్ధచంద్రాకారముగ వంగిన గోడ. ఇదియే దాని సాధారణ రూపము. 313లో క్రైస్తవులకు బహిరంగముగ ఆరాధన జరుపుకొను స్వేచ్ఛ లభించిన పిమ్మట, వారు ఈ సభాశాల రూపమునే తమ ప్రార్థనలకు గ్రహించిరి. న్యాయాధిపతి కూర్చుండిన తావున మతగురువు పీఠము వెలసినది.

క్లెమెంటు 1వ శతాబ్ది చివర రోము క్రైస్తవులకు పెద్దగా నుండిన వాడు. ఆయన స్మృతిని నిలుపు చర్చి యొకటి రోములో కలదని 392లో జెరోము అను పండితుడు వ్రాసెను. ఆ చర్చి నేడు మనకు కనబడు పై కట్టడమే యని చిరకాలము అందరును నమ్మిరి. అట్లు నమ్ముట వింతకాదు. లోపలి సామగ్రి అంత పాతది. అయితే 1857లో అచ్చటి ఐరిషు డొమినికను మఠాధిపతి జోసెఫ్ ముల్లూలీ త్రవ్వకములు ఆరంభింపగా, నేల క్రింద అసలు చర్చి బయల్పడినది. పై కట్టడము దానికన్న ఎన్నో వందల యేండ్లు చిన్నదని అప్పుడు తెలిసినది. కట్టడము కొత్తది, సామగ్రి పాతది. ఇది యెట్లు పొసగెను?

దీనికి సమాధానము శాలమధ్యనున్న గాయకుల ఆవరణలో కలదు. నడుము ఎత్తున చలువరాతి పలకలు నిలిపి, ప్రార్థనగీతములు పాడు గురువులకై ఏర్పరచిన చోటు అది. ఆ పలకలపై అక్షరములు ముడివేసి చెక్కిన ముద్ర యొకటి కనబడును. అది 533 మొదలు 535 వరకు పోపుగా నుండిన రెండవ జాన్ ముద్ర. ఆయన తొలుత ఈ చర్చిలోనే గురువు. అప్పటి పేరు మెర్కూరియసు. అన్యదేవత పేరు పోపునకు తగదని జాన్ అను పేరు గైకొనెను. పేరు మార్చుకొనిన మొదటి పోపు ఆయనయే యని చెప్పుదురు.

12వ శతాబ్దిలో క్రింది చర్చిని రాళ్లతో మంటితో పూడ్చి, దానినే పునాదిగ చేసి, కొంత చిన్నదిగ కొత్త చర్చిని కట్టిరి. కాని పూడ్చుటకు ముందు ఈ పలకలను ఊడదీసి పైకి చేర్చి, ఆవరణను తిరిగి నిలిపిరి. దానికి తమ కాలపు పనితనముతో చదువు వేదికలను, రంగురాళ్లు తాపిన ఎత్తైన దీపస్తంభమును జతపరచిరి. నేలకు ఎఱ్ఱని, పచ్చని రాతి ముక్కలతో కొస్మాతి పని చేయించిరి. గురుపీఠమునకు వీపుపలకగా అమర్చిన రాయియు పాతదే. దానిపై హతసాక్షి యను అర్థము గల లాటిను పదము మిగిలియున్నది. ఆ పీఠముననే, ఈ పనిని తాను ఆరంభించి ముగించితినని కార్డినల్ అనస్తాసియసు వ్రాయించుకొనెను.

మెర్కూరియసు గురువుగా నున్న దినములలో బలిపీఠముపై నిలిపిన మండపపు స్తంభములు రెండు ఇంకొక త్రోవన బ్రతికినవి. 1479లో మరణించిన కార్డినల్ వెనియేరు సమాధికి వానిని వాడిరి. ఒక స్తంభపు తలకట్టున మెర్కూరియసు పేరు నేటికిని చదువవచ్చును.

నేను ముప్పది యేండ్లు లెక్కలు వ్రాసినవాడను. సంవత్సరాంతమున పాత చిట్టా మూసివేయునప్పుడు నిల్వను కొత్త చిట్టా మొదటి పుటకు ఎత్తి వ్రాయవలెను. లేనిచో కొత్త లెక్కకు ఆధారముండదు. ఆ శిల్పులు చేసిన పని నాకు అట్లే కనబడుచున్నది.

అయితే అన్నియు ఎత్తి వ్రాయబడలేదు. 11వ శతాబ్ది చివర క్రింది గోడపై చిత్రించిన కథ యొకటి అచ్చటనే నిలిచిపోయెను. క్లెమెంటును కట్టి యీడ్చుకొని రండని సిసిన్నియసు అను అధికారి సేవకుల నాజ్ఞాపించును. వారు భ్రమపడి ఒక స్తంభమును కట్టి లాగుచుందురు. చిత్రమున క్లెమెంటు పలుకులు లాటినులో నున్నవి. అధికారి తిట్లు మాత్రము నాటి వీధిజనుల వాడుక మాటలలో నున్నవి. ఇటలీ ప్రజల భాషకు మిగిలిన తొలి వ్రాతలలో ఇది యొకటిగ నేడు విద్వాంసులు దీనిని ఎంచుచున్నారు. పైకి తీసికొని పోదగినదని దానిని ఎవరును తలంపలేదు. ఏడువందల యేండ్లకు పైగా చీకటిలో నుండి, త్రవ్వకములలో మరల వెలుగు చూచినది.

పుట్టిన సీమ విడిచి తరతరములుగా వేరొకచోట కాపురమున్న మన కుటుంబములకు ఈ కథ క్రొత్తది కాదు. ఇత్తడి బిందెలను, దేవుని పటములను, దస్తావేజులను తాతలు జాగ్రత్తగా బండ్ల కెక్కించిరి. ఇంట నిత్యము పలుకు మాటను మూట గట్టవలెనని ఎవరికి తోచును? సాన్ క్లెమెంతేలో చలువరాయి మనుష్యుల చేతిమీదుగా పైకి వచ్చినది. ప్రజల మాట గోడ పుణ్యమున దక్కినది. మన మాటకు అట్టి గోడ లేదు.