సీమరేగు, సీమలోని రేగు

ఆపిలు పండు తెలుగునాటికి కొత్తగా వచ్చినప్పుడు దానిని ఏమని పిలవాలో మనవారికి వెంటనే తోచి ఉండదు. గుండ్రని రూపము, నునుపైన తోలు, లోపల తెల్లని కండ, తీపిలో కొంచెము పులుపు. ఇది రేగుపండే, కాకపోతే సముద్రము దాటి వచ్చిన పెద్ద రేగుపండు అనుకొన్నారు కాబోలు, పాత నిఘంటువులలో ఆపిలుకు సీమరేగు అనే పేరు కనబడుతున్నది. ఆ సీమ దొరల సీమ. మన రాయలసీమ వేరు. దత్తమండలాలకు ఈ పేరు 1928లో నంద్యాల సభలో పెట్టినారు.

ఐరోపా ఖండములో గృహిణులు ఆపిళ్లను తరిగి, కంచెలలో దొరికే చిన్న చిన్న అడవిపండ్లను కలిపి, చక్కెరతో సన్నని సెగమీద గుజ్జుగా ఉడికించి జాడీలకు ఎత్తుతారు. చలికాలమంతా అదే వారికి రొట్టెలోనికి, మాంసములోనికి నంజుడు. కర్నూలు, కడప జిల్లాలలో ఈ పనికి పొయ్యి అక్కరలేదు, ఎండ చాలును. ఏడాదికి ఆరేడు వందల మిల్లీమీటర్లు వాన కురిస్తే మంచి ఏడని సంతోషించే నేల ఇది. జొన్నరొట్టె, కొర్రకూడు, రాగిసంగటి ఇక్కడి తిండి. సంగటిముద్ద గొంతు దిగవలెనంటే పక్కన పుల్లనిది, కారమైనది ఏదో ఒకటి ఉండవలెను. కూరగాయలు లేని నెలలలో ఆ పులుపును గుట్టలు ఇచ్చినవి. నల్లమల, ఎర్రమల, పాలకొండల అంచులలో వానకాలమున కలివికాయలు, పుష్యమాఘములలో రేగుపండ్లు కాస్తాయి. నేరేడు, సీతాఫలము సరేసరి. అవి పిల్లల పాలు.

రేగువడియము చేయు తీరు చూడండి. పండు చెట్టున ఎర్రబడి తోలు ముడుత పడిన తరువాత కోసి, పుచ్చులు ఏరి, ఒకనాడు ఎండనిస్తారు. రోటిలో ముందు ఎండుమిరపకాయలు, ఉప్పు, జీలకర్ర దంచుతారు. పిదప పండ్లు వేసి, గింజ పగలకుండా కచ్చాపచ్చాగా తొక్కి, బెల్లము చేరుస్తారు. ఆ ముద్దను బిళ్లలుగా తట్టి, తిరగవేస్తూ, మూడు నాలుగు దినాలు ఎండబెడతారు. గింజ పగిలితే చేదు దిగుతుందని పెద్దవారు రోకలిపోటును చెవితోనే కనిపెట్టేవారు. తడిచేతితో మమ్ములను కుండ ముట్టనిచ్చేవారు కారు. ఇందులో శాస్త్రము లేకపోలేదు. ఎండ నీటిని లాగివేస్తుంది. మిగిలిన తేమను ఉప్పు, బెల్లము పట్టి ఉంచుతాయి. పండులోని పులుపు సరేనంటుంది. బూజుకు బతుకుతెరువు ఉండదు. ఆపిలు గుజ్జులో నిప్పు, చక్కెర చేసే పని ఇదే. ఆ గుజ్జును చిక్కబరిచే పెక్టిన్ అనే బంకపదార్థము మన కలివికాయలోను మెండుగా ఉన్నది. అందుచేతనే దానితో జెల్లీ చక్కగా గట్టిపడుతుంది.

ఈ రోటిపచ్చళ్లు అనాదిగా ఇట్లే ఉన్నవనుకొంటే పొరపాటు. కృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు ఋతువును బట్టి వడ్డన చేస్తాడు. వాన ముసురులో వడియములు, వరుగులు కనబడతాయి. చలికాలములో మిరియపు పొడి తగిలిన కూరలు, ముక్కుకెక్కే ఆవపచ్చళ్లు, ఊరుగాయలు వస్తాయి. మిరపకాయ మాత్రము లేదు. అది అమెరికానుండి పోర్చుగీసువారి ఓడలలో పదునారవ శతాబ్దమున మన తీరానికి చేరినది. మిరియమును పోలిన పేరు పెట్టి, మిరియము పీటమీదనే దానిని కూర్చోబెట్టినాము. సీతాఫలముకూడ అమెరికా చెట్టే. సీత పేరు పెట్టుకొన్న తరువాత దాని పుట్టినూరు ఎవరు అడుగుతారు? రేగు మాత్రము ఈ దేశపు చెట్టు. లోతుకు వేరు తన్ని, వాన తప్పిన ఏటకూడ నాలుగు కాయలు కాస్తుంది.

ఆ నాలుగు కాయల విలువ ధాత కరువులో తెలిసినది. 1876లో వానలు తప్పినవి. 1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్ కరువుపనుల కూలి తగ్గించినాడు. పనిచేసే మగవానికి దినమునకు ఒక పౌను, అనగా సుమారు 450 గ్రాముల, ధాన్యమునకు సరిపడు సొమ్ము, పైన అర అణా. ఉప్పు, పప్పు, కూర, పులుపు, అన్నిటికీ ఆ అర అణాయే. ఈ కూలి ప్రాణము నిలపదని మద్రాసు ప్రభుత్వపు పారిశుద్ధ్య కమిషనరు డాక్టరు కార్నిష్ వాదించినాడు. పంతము వాదముగా సాగుతుండగా జనము గుట్టలకు పోయి ఆకు, దుంప, పండు ఏరుకొన్నారు. 1871 నుండి 1881 లోపల కర్నూలు జిల్లా జనాభా దాదాపు నాలుగవ వంతు తగ్గినది.

కరువు తీరి నాలుగేండ్లు గడిచినవో లేదో, 1882లో మద్రాసు అటవీ చట్టము వచ్చినది. ప్రభుత్వము రిజర్వు చేసిన అడవిలో కట్టె, మేత, ఆకు మాత్రమే కాదు, పండుకూడ అటవీ ఫలసాయమే. అనుమతి లేక తాకరాదు. కలప కాపాడవలసినదే, మేము కాదనము. కాని రేగుపొదకు, టేకుమానుకు ఒకే తాళము వేసినవారు ఆ పండు ఎవరి కంచములోనిదో ఆలోచించినట్లు లేదు. కొండవాలున చెంచులకు, పల్లెలలో కూలిజనానికి అది అంగడి సరకు కాదు, కరువునాటి గాదె. 1921లో రాయచోటి తాలూకాలో అటవీ సత్యాగ్రహము జరిగినప్పుడు ముందు నిలిచినది పశువుల మేత తగవు. పండ్ల మాట చరిత్రకారులకు అంతగా పట్టలేదు. అడవిబిడ్డలకు చిన్న ఫలసాయముపై హక్కును చట్టము ఒప్పుకొన్నది 2006లో.

ఇప్పుడు మన జిల్లాల అంగళ్లలో కోడిగుడ్డంత రేగుపండ్లు అమ్ముతున్నారు. కొందరు రైతులు తోటలు వేసినారుకూడ. దాని పేరు ఆపిల్ బేర్, అనగా ఆపిలు రేగు. ఒకనాడు ఆపిలు రేగు పేరు అరువు తెచ్చుకొన్నది, ఈనాడు రేగు ఆపిలు పేరు అరువు తెచ్చుకొన్నది. కొరికితే కరకరలాడుతుంది, తియ్యగా ఉంటుంది, నీరు ఎక్కువ, పులుపు తక్కువ. వడియానికి పనికిరాదు. దానికి ఇంకను గట్టుమీది నాటురేగే కావలెను. గట్టు దున్నినచోట అదీ లేదు.