తెల్ల పొణికి

తెల్ల పొణికి దక్షిణ భారతదేశం, శ్రీలంకలలోని పొడి అడవులలో పెరిగే ఒక చెట్టు. దీని శాస్త్రీయ నామం గివోటియా మొలుక్కానా. పూర్వపు గ్రంథాలలో గివోటియా రాట్లరీఫార్మిస్ అనే పేరు కనబడుతుంది. ఇది ఆముదపు కుటుంబమైన యుఫోర్బియేసికి చెందినది. ప్రసిద్ధి చెందిన కొండపల్లి బొమ్మలను ఈ చెట్టు కలపతోనే చేస్తారు. తెలంగాణలోని నిర్మల్ కొయ్యబొమ్మలకు కూడా ఇదే ఆధారం.

లక్షణాలు

* మధ్యరకం ఎత్తు పెరిగే, ఆకు రాల్చే చెట్టు.
* ఆకులు వెడల్పుగా ఉంటాయి. అడుగు భాగాన తెల్లని నూగు ఉంటుంది.
* కాయలో గట్టి పెంకు గల గింజ ఉంటుంది.
* కలప తెలుపు రంగులో, మిక్కిలి తేలికగా, మెత్తగా ఉంటుంది.

పెరిగే ప్రదేశాలు

ఈ చెట్టు రాతి నేలలు గల కొండవాలులలో పెరుగుతుంది. నీరు నిలిచే డెల్టా మాగాణి దీనికి అనుకూలం కాదు. కృష్ణా డెల్టా అంచున ఉన్న హనుమాన్ జంక్షన్ వద్ద ఈ నేలల తేడాను గమనించవచ్చు. అక్కడి నుండి ఒక దారి గుడివాడ వైపు వరి పొలాలలోకి, మరొక దారి నూజివీడు వైపు మామిడి తోటల మెట్టకు పోతుంది. 16వ నంబరు జాతీయ రహదారిపై పడమరగా సుమారు 40 కి.మీ. దూరంలో విజయవాడ, దానికి వాయవ్యంగా సుమారు 20 కి.మీ. దూరంలో కొండపల్లి ఉన్నాయి. కొండపల్లి చుట్టూ ఉన్న రక్షిత అటవీ ప్రాంతం సుమారు 30 వేల ఎకరాల విస్తీర్ణం కలది. పూర్వం కృష్ణా జిల్లాలో ఉన్న కొండపల్లి 2022 ఏప్రిల్ నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో ఉన్నది.

బొమ్మల తయారీ

కొండపల్లిలో బొమ్మలు చేసేవారిని ఆర్యక్షత్రియులు అంటారు. వీరి పూర్వీకులు రాజస్థాన్ నుండి వచ్చినారని ప్రతీతి. తయారీలో ప్రధాన దశలు ఇవి:

# కలపను ముక్కలుగా కోసి ఆరబెట్టి, సన్నని సెగపై కాచి తేమను పోగొడతారు. తేమ మిగిలితే బొమ్మ తరువాత పగులుతుంది.
# బొమ్మ మొండెము, చేతులు, కాళ్ళు మొదలగు భాగాలను ఉలితో విడివిడిగా చెక్కి, ఆకురాయితో నునుపు చేస్తారు.
# చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో భాగాలను అతికి, సందులను పూడ్చుతారు. దీనిని మక్కు అంటారు.
# బొమ్మకు సున్నపు పూత పూసి ఆరనిస్తారు.
# మేక వెంట్రుకల కుంచెలతో రంగులు వేస్తారు. సహజ రంగులతో పాటు ఎనామిల్ రంగులు కూడా వాడుకలో ఉన్నాయి.

ఇది ఇంటిల్లిపాది చేసే పని. స్త్రీలు కూడా రంగులు వేయుటలో పాలుపంచుకుంటారు. దశావతారాలు, అంబారీ ఏనుగు, ఎడ్లబండి, తాడిచెట్టు ఎక్కుతున్న గీతకార్మికుడు, పల్లె జీవన దృశ్యాలు ఇందులో పేరొందినవి. సంక్రాంతి, దసరా పండుగలలో పెట్టే బొమ్మల కొలువులో వీటికి ప్రత్యేక స్థానం ఉన్నది. కొండపల్లి బొమ్మలకు 1999 నాటి చట్టం క్రింద భౌగోళిక గుర్తింపు లభించినది.

ఏటికొప్పాక బొమ్మలతో పోలిక

అనకాపల్లి జిల్లాలోని ఏటికొప్పాక బొమ్మలకు అంకుడు కలప వాడతారు. అక్కడ కొయ్యను తరిణిపై తిప్పుతూ మలచి, లక్క రంగులు అద్దుతారు. అందువలన ఆ బొమ్మలు గుండ్రని ఆకారాలలో మెరుస్తూ ఉంటాయి. కొండపల్లిలో చేతితో చెక్కి, భాగాలను అతుకుతారు కనుక మనుషుల భంగిమలను, పనిముట్లను విడివిడిగా చూపుటకు వీలగుచున్నది. ఇందుకు పొణికి కలప మెత్తదనమే కారణం.

కలప కొరత

చెట్లు తరిగిపోవుటతో కళాకారులకు కలప దొరకుట కష్టమైనది. దీనికి రెండు కారణాలు ముఖ్యం. ఒకటి, ఏళ్ళ తరబడి నరికినంత వేగంగా కొత్త చెట్లు పెరగలేదు. రెండు, గింజ పెంకు గట్టిది కావుటచే అడవిలో మొలకెత్తే గింజలు తక్కువ. గట్టి పెంకు నుండి పిండమును వేరుచేసి కణజాల వర్ధన పద్ధతిలో మొక్కలను పెంచే పరిశోధనలు జరిగినాయి. అటవీ ప్రాంతంలో పొణికి మొక్కలు నాటే కార్యక్రమాలు కూడా చేపట్టినారు. అయితే నాటిన మొక్క కలపకు వచ్చుటకు ఏళ్ళు పడుతుంది.

వేరొక కలప వాడితే సరిపోదా అన్న ప్రశ్న సహజమే. గట్టి కలపను చిన్న ఉలితో ఇంత సన్నగా చెక్కుట కష్టం, బొమ్మ బరువు కూడా పెరుగుతుంది. భౌగోళిక గుర్తింపు బొమ్మ పేరును కాపాడగలదు కాని చెట్టును పెంచలేదు. కావున ఈ కళ నిలుచుటకు కళాకారుల నైపుణ్యం ఎంత అవసరమో, కొండలపై పొణికి వనాలు నిలుచుట అంతే అవసరం.

ఇవి కూడా చూడండి

* కొండపల్లి కోట
* నిర్మల్ బొమ్మలు
* ఏటికొప్పాక బొమ్మలు
* బొమ్మల కొలువు